పోస్ట్‌గ్రెస్ మైగ్రేషన్లు నడిపే లీడ్‌లకు: ఆ యూజ్_కాలమ్ లైన్ తీసేయండి

ఒరాకిల్ డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కోడ్, డేటా తరలించే మైగ్రేషన్ ప్రాజెక్టులు నడిపిస్తున్న టెక్ లీడ్‌లకు, ఆర్కిటెక్ట్‌లకు, కోడింగ్ స్టాండర్డ్స్ డాక్యుమెంట్లు రాసే సీనియర్లందరికీ నమస్తే.

డొంకతిరుగుడు లేకుండా విషయానికొచ్చేస్తాను. మొదటి బ్యాచ్ ఫంక్షన్లు టెస్టింగ్‌కి వెళ్లగానే మీ దగ్గరికి ఎర్రర్ల జాబితా వస్తుంది. అందులో ఒకటి పదే పదే కనిపిస్తుంది: "కాలమ్ రిఫరెన్స్ స్టేటస్ ఈజ్ యాంబిగ్యుయస్". ఎర్రర్ కోడ్ 42702. దాని కింద డీటెయిల్ లైన్లో, ఈ పేరు ఫంక్షన్‌లోని వేరియబుల్ అయినా కావచ్చు, టేబుల్‌లోని కాలమ్ అయినా కావచ్చు అని ఉంటుంది. ఒరాకిల్‌లో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా నడిచిన కోడ్ ఇక్కడికొచ్చి మొరాయిస్తోందేంటని విసుగు, దానికి తోడు గో-లైవ్ డేట్ టెన్షన్. అప్పుడు టీమ్‌లో ఎవరో ఒకరు మాన్యువల్ తిరగేసి ఒక సెట్టింగ్ పట్టుకొస్తారు. కాన్ఫిగరేషన్ ఫైల్లో పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్.వేరియబుల్_కాన్‌ఫ్లిక్ట్ అనే దానికి యూజ్_కాలమ్ అని విలువ ఇస్తే (పేరు ఒకటే అయితే కాలమ్‌నే తీసుకో అని దానర్థం) ఆ ఎర్రర్లన్నీ ఒక్క దెబ్బకి మాయం. మీరు సరే అంటారు, సర్వర్ చూసుకునే డీబీఏ పెట్టేస్తాడు, జాబితా సగానికి సగం తగ్గినట్టు కనిపిస్తుంది, మర్నాడు స్టేటస్ కాల్‌లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఆ సరే అనొద్దని, ఇప్పటికే అనేసి ఉంటే వెనక్కి తీసుకోమని అడగడానికే ఈ ఉత్తరం.

ఇది చాలా చిన్న విషయమనీ, పేర్ల గొడవకి బహిరంగ లేఖ ఎందుకనీ అనిపించొచ్చు. ఒక్క ఉదాహరణ చూడండి. ఒక కస్టమర్ ఆర్డర్లన్నీ తీసేసే ఫంక్షన్ ఉంది. పారామీటర్ పేరు కస్టమర్_ఐడీ. ఆర్డర్స్ టేబుల్లో కాలమ్ పేరూ కస్టమర్_ఐడీయే. లోపల ఉన్నది ఒకటే లైన్:

డిలీట్ ఫ్రమ్ ఆర్డర్స్ వేర్ కస్టమర్_ఐడీ = కస్టమర్_ఐడీ;

రాసినవాళ్ల మనసులో ఎడమవైపుది కాలమ్, కుడివైపుది పారామీటర్. డేటాబేస్‌కి మనసులో మాట తెలీదు, దానికో రూల్ కావాలి. ఆ రూల్ ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

ఒరాకిల్‌లో కాలమ్‌దే పైచేయి. అంటే రెండు వైపులా ఉన్నది కాలమే. ఏ రికార్డు తీసుకున్నా దాని కస్టమర్_ఐడీ దానితో సమానమే కాబట్టి టేబుల్ మొత్తం ఊడ్చుకుపోతుంది. కస్టమర్_ఐడీ నల్, అంటే విలువే లేకుండా, ఉన్న రికార్డులు మాత్రం మిగులుతాయి, ఎందుకంటే నల్ నల్‌తో సమానం అని ఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు. ఇదేదో ఒరాకిల్ దాచిన రహస్యం కూడా కాదు. వాళ్ల డాక్యుమెంటేషన్లోనే హెచ్‌ఆర్ శాంపిల్ స్కీమా తీసుకుని చూపించారు. కింగ్ అనే ఇంటిపేరున్న ఉద్యోగుల్ని తీసేద్దామని వేరియబుల్‌కి కూడా లాస్ట్_నేమ్ అనే పేరు పెడితే, పోవాల్సిన ఇద్దరికి బదులు టేబుల్లో ఉన్న 107 మందీ పోతారు.

మైఎస్‌క్యూఎల్‌లో సరిగ్గా తలకిందులు. అక్కడ వేరియబుల్‌దే పైచేయి. కాలమ్ పేరే వేరియబుల్‌కి పెట్టొద్దని వాళ్ల మాన్యువల్ కూడా చెబుతుంది గానీ, పెడితే ఆపేదేమీ లేదు. ఫంక్షన్‌కి 42 పంపిస్తే లైన్ కాస్తా 42 = 42 అయిపోతుంది. ఇక్కడ నల్ రికార్డులు కూడా మిగలవు, ఎందుకంటే కాలమ్‌లో ఏముందో చూసేవాళ్లే లేరు. పొరపాటున నల్ పంపితే మాత్రం ఒక్క రికార్డు కూడా పోదు.

గమనించారా, రెండు రూల్స్ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం, కానీ రెండిట్లోనూ టేబుల్ ఊడ్చుకుపోయింది. కాలమ్‌ది పైచేయా వేరియబుల్‌ది పైచేయా అని జనం గంటలు గంటలు వాదించుకుంటుంటే నాకు నవ్వొచ్చేది అందుకే. ఎవరు గెలిచినా నష్టపోయేది డేటానే.

పోస్ట్‌గ్రెస్ కూడా మొదట్నుంచీ బుద్ధిమంతురాలేం కాదు. 9.0 ముందు దాకా అక్కడా వేరియబుల్‌దే రాజ్యం, పైగా అది మరీ మొరటుగా ఉండేది. క్వెరీలో ఆ పేరు ఎక్కడ కనబడితే అక్కడ కళ్లు మూసుకుని పారామీటర్ నంబర్ పెట్టేసేది. ఇన్సర్ట్‌లో కాలమ్ పేర్లు రాసే బ్రాకెట్లో కూడా పెట్టేసి, తర్వాత సింటాక్స్ ఎర్రర్ అని మన మీదే అరిచేది. 2010 సెప్టెంబరులో వచ్చిన 9.0తో దీన్ని బాగుచేశారు. వేరియబుల్ రావడానికి అవకాశమున్న చోట మాత్రమే వెతుకుతుంది. అదే పేరుతో కాలమ్ కూడా ఉంటే ఎవరి పక్షం వహించకుండా ఆగిపోయి ఎర్రర్ ఇస్తుంది. అంటే పైన రాసిన డిలీట్‌ని ఇవాళ్టి పోస్ట్‌గ్రెస్‌లో, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా నడిపితే, ఒక్క రికార్డు కూడా పోదు. 42702 అని చెప్పి పక్కకి తప్పుకుంటుంది.

మీరు నోరు మూయిస్తున్నది ఆ ఒక్క ఎర్రర్‌నే.

డిలీట్ అయితే నయం, టేబుల్ ఖాళీ అయిందని పది నిమిషాల్లో ఎవరో ఒకరు కేకేస్తారు. అప్‌డేట్ సంగతి చూడండి:

అప్‌డేట్ ఆర్డర్స్ సెట్ స్టేటస్ = స్టేటస్ వేర్ ఆర్డర్_ఐడీ = పీ_ఆర్డర్_ఐడీ;

స్టేటస్ అనే పారామీటర్ కూడా ఉందనుకోండి. ఎడమవైపు స్టేటస్ దగ్గర ఏ డేటాబేస్‌కీ అనుమానం లేదు, సెట్ తర్వాత వచ్చేది కాలమే అయ్యుండాలి. గొడవంతా కుడివైపుదే. మైఎస్‌క్యూఎల్ పారామీటర్ తీసుకుంటుంది, రాసినవాళ్లు అనుకున్నట్టే జరుగుతుంది (ఇందాక డిలీట్‌లో కొంప ముంచిన రూలే ఇక్కడ కాపాడింది). ఒరాకిల్, యూజ్_కాలమ్ పెట్టిన పోస్ట్‌గ్రెస్ మాత్రం స్టేటస్‌లో ఉన్నదాన్నే తీసి మళ్లీ స్టేటస్‌లో పెడతాయి. ఒక రికార్డు అప్‌డేట్ అయిందని మెసేజ్ వస్తుంది. కౌంట్ చూసి పాస్ కొట్టే టెస్ట్ కేసు పాస్ అయిపోతుంది. ఆడిట్ ట్రిగ్గర్ ఉంటే అది కూడా పనిచేస్తుంది, మార్పు జరిగిన టైమ్ కూడా నమోదవుతుంది. మారనిదల్లా ఆర్డర్ స్టేటస్ ఒక్కటే. కస్టమర్ ఫోన్ చేసి నా ఆర్డర్ ఇంకా పెండింగ్ అనే చూపిస్తోందండీ అంటే, సపోర్ట్ వాళ్లు లాగ్ తీసి, లేదండీ నిన్న 4 గంటలకే అప్‌డేట్ అయింది, పేజీ ఓసారి రిఫ్రెష్ చేయండి అంటారు. ఇలాంటి బగ్ దొరకాలంటే ఎంత జుట్టు పీక్కోవాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. ఒరాకిల్‌లో ఎలా నడిచిందో ఇక్కడా అలాగే నడవాలి, మైగ్రేషన్ అంటేనే అది కదా, పోస్ట్‌గ్రెస్ మాన్యువల్లో పోర్టింగ్ గురించి రాసిన అధ్యాయమే యూజ్_కాలమ్ పెడితే ఒరాకిల్ ఫంక్షన్లు రాసే భాష పీఎల్/ఎస్‌క్యూఎల్ లాగే ఉంటుందని చెబుతోంది కదా అంటారు. నిజమే, చెబుతోంది. కాదనను. ఒరాకిల్ నుంచి యథాతథంగా తెచ్చిన ఫంక్షన్‌కి ఆ ప్రవర్తన కావాలి, పాత బగ్గులతో సహా కావాలి, ఎందుకంటే పోర్టింగ్ చేసే రోజునే బగ్గులు కూడా దిద్దుతూ కూర్చుంటే ఏది ఎందుకు మారిందో ఎవరికీ అర్థం కాదు. కానీ దానికి సర్వర్ మొత్తం సెట్టింగ్ అక్కర్లేదు. ఫంక్షన్ బాడీలో మొట్టమొదటి లైన్‌గా హ్యాష్ గుర్తు పెట్టి వేరియబుల్_కాన్‌ఫ్లిక్ట్ యూజ్_కాలమ్ అని రాస్తే ఆ ఒక్క ఫంక్షన్‌కే వర్తిస్తుంది. పక్క ఫంక్షన్ జోలికి పోదు. పైగా అది కోడ్‌లోనే ఉంటుంది, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కనబడుతుంది, రివ్యూ చేసేవాళ్ల కంట్లో పడుతుంది. పీజీ_ప్రాక్ కేటలాగ్‌లో ఫంక్షన్ల సోర్స్ మీద ఒక్క లైక్ క్వెరీ వేస్తే ఇంకా ఎన్ని ఫంక్షన్లు ఆ ఊతకర్ర మీద నడుస్తున్నాయో లెక్క దొరుకుతుంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో దాక్కున్న లైన్‌కి ఆ లెక్క ఉండదు.

సర్వర్ మొత్తానికి పెట్టినప్పుడు జరిగేది ఇంకొకటుంది, అదే అసలు మోసం. ఎర్రర్ మోడ్‌లో, అంటే ఏ సెట్టింగూ ముట్టుకోని మామూలు పద్ధతిలో, ఇవాళ సాఫీగా నడుస్తున్న ఫంక్షన్‌ని యూజ్_కాలమ్‌లోకి మార్చినా దాని జవాబు మారదు. ఒకే పేరుకి ఇద్దరు లేనప్పుడు ఎవరిది పైచేయి అన్న ప్రశ్నే రాదు కదా. అందుకే రిగ్రెషన్ టెస్టులన్నీ పచ్చగా వస్తాయి, చూశారా ఏమీ కాలేదు అని మీరూ నమ్ముతారు. దెబ్బ తగిలేది ఆ రోజు కాదు, ఎవరో టేబుల్‌కి కొత్త కాలమ్ కలిపిన రోజు.

ఇన్వాయిస్ ఫంక్షన్ ఒకటి ఉందనుకుందాం. అందులో డిస్కౌంట్ అనే లోకల్ వేరియబుల్ ఉంది. స్లాబులు, కూపన్లు అన్నీ చూసి లెక్కకట్టి అందులో పెట్టుకుంటుంది, చివర్లో సెట్ నెట్ = గ్రాస్ - డిస్కౌంట్ అని అప్‌డేట్ చేస్తుంది. ఇన్వాయిసెస్ టేబుల్లో డిస్కౌంట్ అనే కాలమే లేదు కాబట్టి ఏ గొడవా లేదు. కొన్నాళ్లకి రిపోర్టింగ్ టీమ్ వాళ్లు వాళ్ల అవసరం కోసం ఆ టేబుల్‌కి డిస్కౌంట్ అనే కాలమ్ కలిపారు, డిఫాల్ట్ సున్నా. వాళ్లకి మీ ఫంక్షన్ సంగతి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఎర్రర్ మోడ్‌లో ఉంటే ఆ తర్వాత వచ్చిన మొదటి ఇన్వాయిస్‌కే 42702 వస్తుంది, గోల గోల అవుతుంది, పావుగంటలో కారణం దొరుకుతుంది. యూజ్_కాలమ్‌లో ఉంటే ప్రతి ఇన్వాయిస్‌లోనూ గ్రాస్ మైనస్ సున్నా. ఫంక్షన్‌లో ఒక్క అక్షరం మారలేదు, గిట్‌లో చివరి కమిట్ ఎప్పటిదో, ఎవరి మీద అనుమానపడతారు? నెలాఖరున అకౌంట్స్ వాళ్లు డిస్కౌంట్లు ఏవండీ అని అడిగితే గానీ బయటపడదు.

పోనీ వేరియబుల్‌కి పైచేయి ఇచ్చే యూజ్_వేరియబుల్ పెట్టుకుంటాం అంటారా? ఈ ఇన్వాయిస్ కథ గట్టెక్కుతుంది, ఆ డిలీట్ కథ మళ్లీ మునుగుతుంది.

ఆ సెట్టింగ్‌ని మామూలు యూజర్లు మార్చలేకుండా సూపర్‌యూజర్‌కే ఎందుకు పరిమితం చేశారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఫంక్షన్ల ప్రవర్తన అనుకోకుండా మారిపోవచ్చు కాబట్టే అలా చేశామని మాన్యువల్ సూటిగానే చెబుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. సెట్టింగ్ మార్చినా, ఆ సెషన్‌లో అప్పటికే కంపైల్ అయిన వాటికి అది వర్తించదు, తర్వాత కంపైల్ అయ్యేవాటికే. తెరిచిన కనెక్షన్లనే మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ పూల్ పెట్టుకున్న అప్లికేషన్ ఉంటే కొన్ని కనెక్షన్లలో పాత పద్ధతి, కొన్నిట్లో కొత్త పద్ధతి, ఒకే ఫంక్షన్ ఒకే ఇన్‌పుట్‌కి ఒకసారి ఎర్రర్, ఒకసారి జవాబు. పూల్ రీస్టార్ట్ చేసేదాకా ఇదే నాటకం. అన్నిటికీ మించి, పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగరేషన్ ఫైల్ డంప్‌లో, అంటే డేటాబేస్ నుంచి తీసే కాపీలో, రాదు. డంప్ తీసుకెళ్లి కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేసినవాళ్లకి ఇక్కడ పనిచేసింది అక్కడెందుకు పనిచేయట్లేదో చెప్పేవాళ్లుండరు.

సరే, స్టాండర్డ్స్ డాక్యుమెంట్ సంగతికొద్దాం. మా దగ్గర ప్రిఫిక్స్ రూల్ ఉంది, మాకీ గొడవ రాదు అంటారు మీరు. పారామీటర్‌కి పీ, లోకల్ వేరియబుల్‌కి వీ లేదా ఎల్, లోపలికి వచ్చే ఇన్ పారామీటర్‌కి ఐ, బయటికి వెళ్లే అవుట్ పారామీటర్‌కి ఓ, తర్వాత అండర్‌స్కోర్. అమీర్‌పేటలో ఈఎంపీ, డెప్ట్ టేబుళ్ల మీద పీఎల్/ఎస్‌క్యూఎల్ నేర్చుకుని వచ్చినవాళ్లకి వీ_ఈనేమ్ అని రాయడం చేతికి అలవాటైపోయి ఉంటుంది, ఎందుకలా అని ఎవరూ అడగరు, చెప్పేవాళ్లూ ఉండరు. మంచి అలవాటే. చదవడానికి బావుంటుంది, నేనూ పాటిస్తాను. కానీ దాన్ని తాళం అనుకోకండి, అది తలుపు మీద పేరు మాత్రమే. కాలమ్ పేర్లు ఆ అక్షరంతో మొదలవ్వవు అని మీకు ఎవరు హామీ ఇచ్చారు?

డేటాబేస్‌ల వేగం కొలవడానికి ప్రపంచమంతా వాడే టీపీసీ-హెచ్ బెంచ్‌మార్క్ స్కీమా చూడండి. పార్ట్ టేబుల్లో కాలమ్‌లు పీ_నేమ్, పీ_టైప్, పీ_సైజ్. లైన్‌ఐటమ్ టేబుల్లో ఎల్_క్వాంటిటీ, ఎల్_డిస్కౌంట్. ఆర్డర్స్‌లో ఓ_టోటల్‌ప్రైస్. దాని తమ్ముడు టీపీసీ-డీఎస్‌లో ఐటమ్ టేబుల్ కాలమ్‌లన్నీ ఐ తోనే మొదలు. అంటే మనం పారామీటర్‌కి, లోకల్‌కి, ఇన్‌కి, అవుట్‌కి అని పంచుకున్న అక్షరాలు నాలుగూ అక్కడ కాలమ్‌ల సొంతం. టేబుల్ పేరులో మొదటి అక్షరాన్ని కాలమ్‌ల ముందు తగిలించే అలవాటు ఎన్నో పాత స్కీమాల్లో ఉంది. మీరు మైగ్రేట్ చేస్తున్న స్కీమాలో పేమెంట్స్ టేబుల్ కాలమ్‌లకి పీ_ ఉందో లేదో ఓసారి చూసుకోండి.

అదొక్కటే అయితే స్కీమా చూసుకుని ఇంకో అక్షరం ఎంచుకోవచ్చు. ప్రిఫిక్స్ రూల్‌ని నిజంగా చిత్తు చేసేది రిటర్న్స్ టేబుల్. ఫంక్షన్ ఒక టేబుల్ లాగా రికార్డులు తిరిగిస్తుందని చెప్పి, రిటర్న్స్ టేబుల్ అని రాసి బ్రాకెట్లో ఐడీ, నేమ్ అని కాలమ్‌లు ఇస్తారు. లోపల రిటర్న్ క్వెరీ సెలెక్ట్ ఐడీ, నేమ్ ఫ్రమ్ ఎంప్లాయీస్ వేర్ డెప్ట్_ఐడీ = పీ_డెప్ట్_ఐడీ అని రాస్తారు. పారామీటర్‌కి ప్రిఫిక్స్ ఉంది, స్టాండర్డ్ పాటించారు, అయినా కాల్ చేయగానే 42702. ఎందుకంటే రిటర్న్స్ టేబుల్లో రాసిన ప్రతి కాలమ్ పేరూ పోస్ట్‌గ్రెస్ దృష్టిలో ఒక అవుట్ పారామీటర్, అంటే ఫంక్షన్ లోపల ఒక వేరియబుల్. ఐడీ అనే వేరియబుల్ మీరు డిక్లేర్ చేయకపోయినా ఉన్నట్టే. దానికి ఓ_ఐడీ అని ప్రిఫిక్స్ పెడదామా అంటే, ఆ పేరే బయట జావా కోడ్‌కి, రిపోర్టులకి కనబడుతుంది. మీ లోపలి గొడవ కోసం వాళ్లందరి కోడ్ మార్చమంటే ఎవరు వింటారు? మైగ్రేషన్ ఎర్రర్ల జాబితాలో 42702లు ఓసారి తెరిచి చూడండి, రిటర్న్స్ టేబుల్ ఉన్నవి ఎక్కువగా తగులుతాయి.

దీనికి మందు సెట్టింగ్ కాదు, ప్రిఫిక్సూ కాదు, టేబుల్ అలియాస్, అంటే క్వెరీలో టేబుల్‌కి ఇచ్చుకునే పొట్టి పేరు. మన వీధిలో ఇద్దరు శ్రీనులుంటే ఏం చేస్తాం, కిరాణా కొట్టు శ్రీను, మెకానిక్ శ్రీను అంటాం, అంతే. సెలెక్ట్ ఈ.ఐడీ, ఈ.నేమ్ ఫ్రమ్ ఎంప్లాయీస్ ఈ వేర్ ఈ.డెప్ట్_ఐడీ = పీ_డెప్ట్_ఐడీ అని రాస్తే ఒరాకిల్‌కీ, మైఎస్‌క్యూఎల్‌కీ, పోస్ట్‌గ్రెస్‌కీ ఎవరికీ సందేహం ఉండదు, ఏ సెట్టింగ్ ఉన్నా జవాబు ఒకటే. వేరియబుల్ వైపు కూడా ఇంటిపేరు పెట్టొచ్చు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ రెండిట్లోనూ పారామీటర్ ముందు ఫంక్షన్ పేరు పెట్టి చుక్క పెడితే అది పారామీటరేనని అర్థం, బ్లాక్‌కి లేబుల్ ఇచ్చుకుంటే లోకల్ వేరియబుల్‌ని ఆ లేబుల్‌తో పిలవొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఈ సౌకర్యం లేదు, అక్కడ కాలమ్ వైపే పెట్టుకోవాలి. ట్రిగ్గర్ ఫంక్షన్లలో న్యూ, ఓల్డ్ అని ముందే చుక్కతో రాస్తాం కాబట్టి వాటి దగ్గర ఈ గొడవ ఎప్పుడైనా విన్నారా? ఆలోచించండి.

ఒక్క చోట మాత్రం అలియాస్ కూడా చేతులెత్తేస్తుంది, అది మీ డాక్యుమెంట్లో తప్పకుండా ఉండాలి. అదే కీతో రికార్డు ముందే ఉంటే ఏం చేయాలో చెప్పడానికి ఇన్సర్ట్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ అని బ్రాకెట్లో ఐడీ అని రాస్తామే, అక్కడ. ఇన్సర్ట్ ఇంటూ తర్వాత బ్రాకెట్లో ఇచ్చే పేర్లు కాలమ్‌లే అయ్యుండాలి కాబట్టి పోస్ట్‌గ్రెస్ వాటిని ప్రశ్నించదు. ఆన్ కాన్‌ఫ్లిక్ట్ బ్రాకెట్లో మాత్రం ఎక్స్‌ప్రెషన్ కూడా రాయొచ్చు కనుక అక్కడ ఐడీ అంటే వేరియబుల్ అయినా కావచ్చని దానికి అనుమానం. టేబుల్ పేరు పెట్టి చుక్క పెడదామంటే గ్రామర్ ఒప్పుకోదు. రిటర్న్స్ టేబుల్లో కూడా ఐడీ ఉంటే ఇరుక్కున్నట్టే. అలాంటప్పుడు ఆన్ కాన్‌ఫ్లిక్ట్ ఆన్ కన్‌స్ట్రెయింట్ అని ప్రైమరీ కీ కన్‌స్ట్రెయింట్ పేరు ఇవ్వండి. అది కుదరకపోతే ఆ ఒక్క ఫంక్షన్‌లో హ్యాష్ లైన్ పెట్టి, ఎందుకు పెట్టామో పక్కన కామెంట్ రాయండి. కొందరు ఈ తలనొప్పి తప్పించుకోవడానికి క్వెరీనంతా స్ట్రింగ్‌లో పెట్టి ఎగ్జిక్యూట్ చేస్తారు. స్ట్రింగ్ లోపలికి వేరియబుళ్లు కనబడవు కాబట్టి గొడవ పోతుంది, నిజమే, కానీ విలువల్ని విడిగా పంపే యూజింగ్ వాడకుండా స్ట్రింగ్‌లోనే అతికించేస్తే, బయటి నుంచి వచ్చిన విలువే కమాండ్‌గా నడిచిపోయే ఇంజెక్షన్ అనే ఇంకా పెద్ద గొడవ వచ్చి కూర్చుంటుంది.

ఇంకో విషయం మీలో కొందరు గమనించి ఉండరు. పోస్ట్‌గ్రెస్‌లోనే ఫంక్షన్‌ని పీఎల్/పీజీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ గురించి ఇంతవరకూ చెప్పింది ఈ భాషలో రాసే ఫంక్షన్ల సంగతే) కాకుండా మామూలు ఎస్‌క్యూఎల్ లాంగ్వేజ్‌లో రాస్తే ఈ కాపలా అసలు లేదు. 2012లో వచ్చిన 9.2 నుంచి అలాంటి ఫంక్షన్లలో కూడా పారామీటర్లని పేరుతో పిలవొచ్చు. కానీ కాలమ్ పేరుతో తగువు పడితే నిశ్శబ్దంగా కాలమే గెలుస్తుంది. మార్చడానికి సెట్టింగ్ కూడా లేదు. అంటే ఆ డిలీట్ లైన్‌ని లాంగ్వేజ్ ఎస్‌క్యూఎల్ అని రాసిన ఫంక్షన్‌లో పెడితే, ఏ కాన్ఫిగరేషన్ ముట్టుకోకపోయినా, టేబుల్ అచ్చం ఒరాకిల్‌లో పోయినట్టే పోతుంది. పెర్ఫార్మెన్స్ బావుంటుంది, క్వెరీలోకి ఇన్‌లైన్ అవుతుంది అని చిన్న చిన్న ఫంక్షన్లు ఎస్‌క్యూఎల్ లాంగ్వేజ్‌లో రాయమని మీరే చెబుతున్నారు. చెప్పండి, తప్పు లేదు, కానీ అలియాస్ రూల్ లేకుండా చెప్పకండి. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి బిగిన్ అటామిక్ అని రాసే కొత్త పద్ధతిలో, ఫంక్షన్ క్రియేట్ చేసినప్పుడే పేర్లన్నీ తేల్చేసి దాచుకుంటుంది. తర్వాత ఎవరో కాలమ్ కలిపినా అర్థం మారదు. క్రియేట్ చేసేటప్పుడే తప్పుంటే మాత్రం అదీ కాపాడలేదు.

ఎర్రర్ మోడ్‌కి ఉన్న ఒక లోపం కూడా ఒప్పుకుంటాను. పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ ఫంక్షన్ క్రియేట్ చేసేటప్పుడు సింటాక్స్ మాత్రమే చూస్తారు. పేర్ల గొడవ బయటపడేది ఆ స్టేట్‌మెంట్ మొదటిసారి నడిచినప్పుడే. ఎప్పుడో గానీ వెళ్లని ఇఫ్ బ్రాంచిలో, ఎక్సెప్షన్ బ్లాక్‌లో ఉన్న క్వెరీ అయితే అది నడిచేదాకా తెలీదు. ఇయర్ ఎండ్ క్లోజింగ్ కోసం రాసిన బ్రాంచి మార్చి 31 రాత్రి మొదటిసారి నడుస్తుంది, ఆ రాత్రే 42702 వస్తుంది. ఆ రాత్రి ఫోన్ మోగడం ఇష్టం లేకే మీరు సెట్టింగ్ పెడుతున్నారని నాకు తెలుసు. కానీ దానికి విరుగుడు ఉంది. పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్_చెక్ అనే ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్‌ని నడపకుండానే లోపలున్న ప్రతి క్వెరీనీ పరీక్షించి ఇలాంటివన్నీ ముందే చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌తో పాటు రాదు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. టెస్ట్ సర్వర్‌లో పెట్టుకుని, బిల్డ్ పైప్‌లైన్‌లో ఒక స్టెప్‌గా చేర్చేస్తే చాలు, ప్రొడక్షన్‌లో ఉండాల్సిన పని కూడా లేదు. కొత్త కాలమ్ కలిపే ప్రతి స్క్రిప్ట్ తర్వాత కూడా దాన్ని నడపండి. ఇందాకటి డిస్కౌంట్ కథ డెవలప్‌మెంట్‌లోనే ముగిసిపోతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి వచ్చిన మిత్రులు ఇదంతా చదివి నవ్వుకుంటూ ఉండొచ్చు, వాళ్ల వేరియబుళ్లన్నిటికీ ముందు యట్ గుర్తు (@) తప్పనిసరి కాబట్టి కాలమ్‌తో కలిసే అవకాశమే లేదు. నిజంగానే మంచి డిజైన్, అసూయగా ఉంటుంది. అది చూసి మైఎస్‌క్యూఎల్‌లో కూడా యట్ గుర్తు పెట్టేసుకుందాం అనుకునేవాళ్లకి ఒక మాట. అక్కడ యట్ గుర్తు ఉన్నది లోకల్ వేరియబుల్ కాదు, సెషన్ వేరియబుల్. ప్రొసీజర్ అయిపోయినా విలువ అలాగే ఉంటుంది, పూల్‌లో అదే కనెక్షన్ అందుకున్న తర్వాతి రిక్వెస్ట్‌కి పాత విలువ చేతికొస్తుంది. ఇక ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లు కూడా మరీ నవ్వకండి, మీకూ ఉంది ఒకటి:

డిలీట్ ఫ్రమ్ ఆర్డర్స్ వేర్ కస్టమర్_ఐడీ ఇన్ (సెలెక్ట్ కస్టమర్_ఐడీ ఫ్రమ్ టెంప్_లిస్ట్);

టెంప్_లిస్ట్‌లో ఉన్న కాలమ్ పేరు నిజానికి కస్ట్_ఐడీ. లోపలి క్వెరీలో కస్టమర్_ఐడీ దొరకలేదని ఎర్రర్ రావాలి కదా? రాదు. లోపల దొరక్కపోతే బయటి టేబుల్లో వెతకాలన్నది స్టాండర్డ్ ఎస్‌క్యూఎల్ రూల్. బయట ఆర్డర్స్‌లో దొరుకుతుంది. టెంప్_లిస్ట్‌లో కనీసం ఒక్క రికార్డు ఉంటే చాలు, ప్రతి ఆర్డర్ తన కస్టమర్_ఐడీని తనతోనే పోల్చుకుని వెళ్లిపోతుంది. ఏ డేటాబేస్ అయినా ఇంతే. టీ అని అలియాస్ ఇచ్చి టీ.కస్టమర్_ఐడీ అని రాసి ఉంటే అలాంటి కాలమ్ లేదని అక్కడికక్కడే ఆగిపోయేది. అలియాస్ రూల్ వేరియబుల్ గొడవకి మాత్రమే కాదు అనడానికి ఇదొక్కటి చాలు.

కాబట్టి నేను అడిగేది ఇంతే. కాన్ఫిగరేషన్‌లో ఆ లైన్ ఉంటే ముందు టెస్ట్ సర్వర్‌లో తీసేయండి, పూల్‌లు రీస్టార్ట్ చేయండి, పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్_చెక్ నడిపి వచ్చిన జాబితా దగ్గర పెట్టుకోండి. ఒరాకిల్ నుంచి తెచ్చిన ఫంక్షన్లలో తగవు ఉన్నవాటికి హ్యాష్ లైన్ పెట్టి, ప్రవర్తన మారకుండా ప్రొడక్షన్‌కి పంపండి. ఆ తర్వాతే అక్కడ సర్వర్ సెట్టింగ్ తీయండి. స్టాండర్డ్స్ డాక్యుమెంట్లో ప్రిఫిక్స్ పేరా అలాగే ఉంచుకోండి, దాని పైన ఇంకో పేరా రాయండి: ఫంక్షన్ లోపల ఏ క్వెరీలోనైనా, అలియాస్ పెట్టడానికి వీలున్న ప్రతి కాలమ్ ముందూ అలియాస్ ఉండాలి, టేబుల్ ఒక్కటే ఉన్నా సరే ఉండాలి, లేకపోతే రివ్యూ పాస్ కాదు. హ్యాష్ లైన్ ఉన్న ఫంక్షన్‌ని ఎవరు ఏ కారణానికి ముట్టుకున్నా అలియాస్‌లు పెట్టి ఆ లైన్ తీసేసి కమిట్ చేయాలి. కొత్తగా రాసే ఫంక్షన్లలో ఆ లైన్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ కేసుకి తప్ప ఇంక దేనికీ ఒప్పుకోకండి.

దీనికి ఎక్స్‌ట్రా ఎస్టిమేట్ కావాలని క్లయింట్‌ని అడగడానికి మొహమాటపడతారని తెలుసు. ఆ డిలీట్ లైన్‌ని మూడు డేటాబేస్‌లలో నడిపి డెమో చూపించండి. ఖాళీ అయిన టేబుల్ చూశాక ఏ మేనేజరూ గంటల లెక్క అడగడు.

ఇట్లు,
మీరు అసైన్ చేసిన 42702 టికెట్లు మూస్తున్న ఒక డేటాబేస్ డెవలపర్